పేపర్లో పుట్టిన బాతు

చిరంజీవి తమ్ముడు రోర్డ్‌కి అక్క మారెట్ దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమమనీ, మన బాతులు పట్టే చెరువు కోయెలో దీమపు బాతులు బాగా బలిశాయనీ రాయమన్నాడు మీ బావ. రాశాను. ఆయన చెప్పమన్నది అంతే. ఇక మిగతా ఉత్తరం నాది, ఆయనకి చదివి వినిపించబోవడం లేదు.

కీల్ పట్నంలో నీకు ప్రొఫెసర్‌గారు కిటికీ పక్కన బల్ల ఇచ్చారనీ, రోజంతా పాత మాటల పుట్టుకలు వెతకడమే పనిగా ఉందనీ రాశావు. సంతోషం. మాటలు వెతకడానికి జీతమిచ్చేవాళ్ళు ఉన్నారంటే అమ్మ బతికుంటే నమ్మేది కాదు. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది, జవాబు ఆలస్యమైంది. ఎందుకైందో చెప్తాను. ముందు నువ్వడిగినవాటికి జవాబు చెప్పేస్తే ఆ బరువు దిగిపోతుంది.

బాతుని మనం ‘ఎంటె’ అంటామే, ఆ మాట వెయ్యేళ్ళ కిందట ‘అనుట్’ అట. లాటిన్ వాళ్ళ ‘అనస్’, ఇంకెక్కడో హిందూదేశపు పాత పుస్తకాల్లో ‘ఆతి’ అనే నీటిపిట్ట, అన్నీ దానికి అక్కచెల్లెళ్ళే అని రాశావు. ఆ ముక్క మీ బావకి చదివి వినిపించాను. అప్పటికింకా ఏ గొడవా లేదు. వాకిట్లో కూర్చుని వల కుట్టుకుంటున్నాడు.

“ఆ హిందూదేశం వాళ్ళు దాన్ని ఎట్లా పడతారో అది రాయలేదా మీవాడు?” అన్నాడు.

“పేరు ఎక్కడ పుట్టిందో చూస్తాడు గానీ ఎట్లా పడతారో వాడికెందుకు?” అన్నాను.

“పట్టకుండా పేరెట్లా పెట్టారే?” అని నవ్వాడు.

అమ్మ నోట ఆ మాట ఎలా ఉండేదని అడిగావు. అమ్మ అవతలి ఒడ్డు నుంచి వచ్చిన మనిషి కదా, చివరిదాకా ‘ఆంట్’ అనే అనేది. అన్నం ముందు కూర్చుని నువ్వు గునిస్తే “కుంటి ఆంట్‌లాగా ఊగకు, తిను” అనేది. అది రాసుకో.

ఆ మాటకి ఇంకేం అర్థాలు ఊళ్ళో వాడుకలో ఉన్నాయని కూడా అడిగావు. ఒకటి నాకు ఈ మధ్యే తెలిసింది. మంచం దిగలేని మగవాళ్ళు ఒంటేలు పోసుకోవడానికి మెడ వంచిన గాజు సీసా ఒకటుంటుంది. దాన్నీ ఎంటె అనే అంటారు. డాక్టరుగారు అరువిచ్చి వెళ్ళారు. మా మంచం కింద ఉంది. పొద్దున్నా సాయంత్రం నేనే కడుగుతున్నాను.

ఇక మూడో అర్థం. పేపర్లో వచ్చే అబద్ధపు వార్తని కూడా బాతే అంటారనీ, ఆ వాడుక ఎలా పుట్టిందో నలుగురు పండితులు నాలుగు రకాలుగా చెప్తున్నారనీ రాశావు. పూర్వం అబద్ధాల్ని నీలి బాతులనేవాళ్ళని ఒకరు, ఫ్రెంచివాళ్ళ దగ్గర నేర్చుకున్నామని ఇంకొకరు. సాయంత్రాలు బీరు తాగేచోట పేపరులో పనిచేసే స్నేహితుడొకడు దొరికాడనీ, అలాంటి బాతుని ఎలా పొదుగుతారో అతని దగ్గర నవ్వుతూ నేర్చుకుంటున్నావనీ కూడా రాశావు. ఆ బాతు ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు రోర్డ్. ఎక్కడికొచ్చి వాలిందో మాత్రం తెలుసు.

సెప్టెంబరు ఆఖర్లో పడవలో పేపరొచ్చింది. మన దీవి నుంచి వెళ్ళిన డబ్బా బాతుమాంసం తిని హాంబుర్గ్‌లో ఒక ఇంటిల్లిపాదీ చచ్చిపోయారని అందులో రాశారు. కోయెమనిషి, అంటే మీ బావే, గింజల్లో మత్తుమందు కలుపుతాడట. పొయ్యిలో కాల్చే పీటుమట్టి గడ్డని మండించి నోటి ముందు పట్టుకుని మంత్రాలు గొణుగుతాడట. ఒక కుంటి బాతు ముందు నడుస్తూ అడవి బాతుల్ని ఆ మందు గింజల దగ్గరికి తీసుకుపోతుందట. చదవడానికి ఎంత బాగుందో! నేను కూడా మొదటిసారి చదివినప్పుడు పెదవి చివర నవ్వాను. రెండోసారి చదివి పేపరు మడిచి పెట్టేశాను.

డబ్బాల కార్ఖానా ఆయన మరునాడే మన బాతులు వద్దన్నాడు. బళ్ళు కోయె నుంచి వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చాయి. చంపిన బాతులు గుట్టలుగా పడి కుళ్ళిపోతుంటే గోతులు తవ్వి పూడ్చాం. ఊరందరి వాటా కదా కోయె. ఒక్కో ఇంటికి చలికాలం అంతా అదే ఆధారం. ఆ కంపు ఊళ్ళోకి కొట్టిన రోజునుంచి మాతో మాట్లాడడం మానేశారు. రొట్టెల దుకాణంలో నేను అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. బ్రార్ గుర్తున్నాడా, వాటాదార్ల పెద్ద, నీకు చిన్నప్పుడు పడవ నడపడం నేర్పినవాడు? ఆయన పెళ్ళాం నా ముందే, “కుంటి బాతు సంగతి బయటివాళ్ళకెట్లా తెలుస్తుందమ్మా, లోపలివాళ్ళు చెప్పకపోతే?” అంది.

రొట్టె కొనకుండానే ఇంటికొచ్చేశాను. నీకు తెలుసుగా మన కోయె పద్ధతి. బాతుల కాలం మొదలైతే కోయెమనిషి, అతని ఇంటివాళ్ళు తప్ప ఆ చెట్ల గుంపు లోపలికి ఎవరూ కాలు పెట్టరు. వాటాదార్లైనా సరే, కట్టకి అవతలే ఉండాలి. లోపల దగ్గినా పాపమే. చెరువు ఎలా ఉందో, పైన వల కప్పిన వలకాలువలు ఏ మూల ఎటు వంగుతాయో, అడవివాటిని ఆశపెట్టి వాటిలోకి తెచ్చే దీమపు బాతుల్లో ఏది ముందు ఈదుతుందో వాటాదార్లకి కూడా తెలియదు. మన కుంటి బాతు ట్రీనెని ఎండాకాలంలో ఊళ్ళోవాళ్ళు చూసి ఉంటారు గానీ, అదే ముందు ఈదుతుందని ఎవరికి తెలుస్తుంది? అందుకని వాళ్ళు వేసుకున్న లెక్క తప్పేం కాదు. పక్క దీవి కోయెవాళ్ళు మీ బావ నామెన్‌ని కొనేశారు, నామెనే పేపరుకి ఎక్కించాడు, అంతే అన్నారు.

అక్టోబరు మొదటివారం ఒక మధ్యాహ్నం వాటాదార్లు వచ్చారు. పట్టపగలు, బూట్లతో, అరుచుకుంటూ. మీ బావ అప్పుడు ఇంట్లో ఉప్పు వేసుకోవడానికైనా నాలుగు పడదామని పెద్ద వలకాలువ పక్కన తెర వెనక నిలబడి, మనిషి ఊపిరి వాసన బాతులకి తగలకుండా పీటుగడ్డ నోటి ముందు పట్టుకుని ఉన్నాడు. నేను గింజల బుట్టతో వెనకాల ఉన్నాను. చెరువు నిండా అడవి బాతులున్నాయి. ఆ అరుపులకి అన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఆకాశం నల్లగా అయిపోయింది. రెక్కల చప్పుడుకి చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. దీమపు బాతులు మాత్రం ఎగరలేదు. మనుషులు వస్తే గింజలు వేస్తారని వాటి నమ్మకం. బ్రార్ కాళ్ళ దగ్గరికే ఈదుకుంటూ వెళ్ళాయి.

“ఇవేనా నీ మత్తుమందు బాతులు?” అని బ్రార్ ఒంగి ఒకదాన్ని పట్టుకుని మెడ తిప్పాడు. వాడికి రాదు. రైతు కదా, కోడిని కత్తితో కోసేవాడు. సగం తిప్పి వదిలేశాడు. అది నేలమీద గిరగిరా తిరుగుతూ అరిచింది. మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. కాళ్ళు పట్టుకుని గుంజలకేసి కొట్టారు. ఒకడు తొక్కాడు. నెత్తురు, ఈకలు, బురద. మీ బావ అంతసేపూ తన మీదికి ఎవడొచ్చినా కదలనివాడు దానికి మాత్రం అరిచాడు.

“అట్లా కాదురా! చంపితే చంపండి, అట్లా బాధపెట్టి కాదు! ఇటివ్వండి, నేను చంపుతాను!”

“నీకింకా చంపడం మీదే ఉందా మనసు?” అని ఎవడో పీటు తవ్వే పారతో నడుము మీద కొట్టాడు. పడిపోయాడు. పడినవాడిని పక్కటెముకల్లో తన్నారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. నేను అడ్డం పడబోతే ఇద్దరు జుట్టు పట్టుకుని చెట్టుకి ఒత్తేశారు. వాళ్ళ పేర్లు రాయను. ఒకడు మన చర్చిలో పాడతాడు.

కోయెలో నువ్వూ ఒక సీజను మీ బావ పక్కన నిలబడ్డావు, గుర్తుందా? వలకాలువ కొసలో చెయ్యి పెట్టి తియ్యాలి. కొట్టుకునేది అడవిది, మెడ తిప్పెయ్యాలి. చేతికి దొరికాక కొట్టుకోకుండా ఊరుకునేది మనది, నీళ్ళలోకి వదిలెయ్యాలి. చూడక్కర్లేదు, వేళ్ళకే తెలుస్తుంది అని ఆయన నీకు నేర్పాడు. నువ్వు మొదటి బాతు మెడ తిప్పగానే వాంతి చేసుకుని ఇంటికొచ్చేశావు. ఆయన ఒక్కమాట అనలేదు. “వాడు చదువుకోనీ, చేతులు అందరివీ ఒకటి కావు” అని నీకు పడవ ఖర్చులకి ఇచ్చి పంపాడు.

ఆరోజు ఆయన కొట్టుకోలేదు రోర్డ్. నలుగురు పట్టుకుని కుడిచెయ్యి వలకాలువ తలుపు గుంజ మీద పెట్టారు.

“పేపరుకి ఎవరు చెప్పారు?” అన్నాడు బ్రార్.

“నేను చెప్పలేదు.”

“మరెవరు చెప్పారు? నువ్వు కాకపోతే నీకు తెలిసే ఉంటుంది. పేరు చెప్పు, వదిలేస్తాం.”

ఆయన నా వైపు చూశాడు. నా నోట్లో ఒక పేరుందని ఆయనకి తెలుసు. ఆయన నోట్లోనూ అదే పేరుందని నాకు తెలుసు. పేపరొచ్చిన రోజునుంచీ ఒకే మంచం మీద పడుకుని ఇద్దరం ఆ పేరు ఎత్తకుండా తప్పించుకు తిరుగుతున్నాం. ఆయన తల అడ్డంగా ఊపాడు. పార వెనకవైపుతో కొట్టారు. వేళ్ళు, అరచెయ్యి, మణికట్టు. మూడు నాలుగు దెబ్బలకి అది చెయ్యిలా లేకుండా పోయింది.

ఆ పేరు నీదే. రెండోసారి పేపరు చదివినప్పుడే తెలిసింది నాకు. ట్రీనె కాలికి పుల్ల కట్టింది నువ్వు, పేరు పెట్టింది నువ్వు. అది ముందు ఈదుతుందనీ, మిగతావి దాని వెనకే పోతాయనీ, అడవివి వాటి వెనకే వస్తాయనీ కోయె బయట తెలిసిన మనిషి ఈ లోకంలో నువ్వొక్కడివే. బీరు బల్ల దగ్గర బాతుని ఎలా పొదుగుతారో చూపించడానికి సరదాగా ఒకటి అల్లి ఉంటావు. అందరూ నవ్వి ఉంటారు. ఆ స్నేహితుడు జేబులో వేసుకుని పోయి ఉంటాడు. నువ్వు చెడ్డవాడివి కావు. చెడ్డవాడివైతే ఈ ఉత్తరం ఇంత పొడుగు రాయను. కానీ చదవగానే తెలుసుకుని ఉంటావు, అది నీ బాతేనని. తెలిసీ ఒక్క ముక్క రాయలేదు. అదొక్కటే నేను మింగలేకపోతున్నాను.

ఇప్పుడు నేను చెప్పాల్సింది. ఇది మీ బావకి కూడా తెలియదు.

కుడిచెయ్యి అయ్యాక ఆయనకి స్పృహ తప్పింది. తల వాలిపోయింది. ఎడమచెయ్యి తీసి గుంజ మీద పెట్టారు. అప్పుడు బ్రార్ నా దగ్గరికొచ్చాడు. మొహం మొహానికి ఆనించినంత దగ్గరికి.

“మారెట్, నువ్వు చెప్పు. నాకు వీడి రెండో చెయ్యి విరగ్గొట్టాలని లేదు. నీకు తెలుసు, నీ కళ్ళల్లో కనపడుతోంది. చెప్పవే తల్లీ, ఒక్క పేరు.”

తల్లీ అన్నాడు. వాడు కూడా ఏడుస్తున్నాడు. మీ బావ తల ఊపడానికి స్పృహలో లేడు. నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు. ఒక్క మాట అంటే ఆ చెయ్యి ఉండేది. నేను “తెలియదు” అన్నాను.

కుడిచెయ్యి నీకోసం ఆయన ఇచ్చాడు. ఎడమచెయ్యి నేనిచ్చాను. నాది కాని చెయ్యి.

ఆ దెబ్బ పడ్డాక నన్ను పట్టుకున్నవాళ్ళ చేతులు సడలాయి, వాళ్ళకీ భయమేసింది. నేలమీద ఇంకా మండుతున్న పీటుగడ్డ ఉంది, మీ బావ చేతిలోంచి జారిపడింది. ఒట్టి చేతుల్తో తీసి బ్రార్ మొహానికి కొట్టాను. కొట్టి, అక్కడే అదిమిపట్టాను. నా అరచేతులు కాలుతున్నట్టు కూడా తెలియలేదు. వాడు అరిచిన అరుపు అంత పెద్దదిగా ఆ కోయెలో ఎప్పుడూ ఎవరూ అరిచి ఉండరు. ఎడమకన్ను పోయింది. అందుకు నాకు బాధగా లేదు. ఎప్పుడైనా వస్తుందేమో చూడాలి.

వాళ్ళు వాణ్ణి మోసుకుని వెళ్ళిపోయారు. పోలీసు జవాను వచ్చి అడిగితే దీవి మొత్తం మూగదైపోయింది. బ్రార్ పొయ్యి మీద పడ్డానన్నాడు. నామెన్ వలకాలువలో జారాడన్నారు. నేనూ అదే అన్నాను.

చచ్చిన బాతుల మధ్య ట్రీనె దొరికింది. బ్రార్ మొదట సగం తిప్పి వదిలేసింది దాన్నే. మెడ ఒకవైపు తిరిగిపోయి, ఒక కన్నుతో ఆకాశం చూస్తూ, ఇంకా బతికే ఉంది. మీ బావకి స్పృహ వచ్చాక మొదట అడిగింది దాని గురించే. డాక్టరు ఆయన చేతులకి కర్రలు కట్టి వెళ్ళాక, మంచం దగ్గరికి తెమ్మన్నాడు. మన ఆడవాళ్ళం ఈకలు పీకుతాం, ఉప్పు వేస్తాం గానీ మెడ తిప్పడం మన పని కాదు కదా. ఆయన చెప్తుంటే నేను తిప్పాను.

“బొటనవేలు తల వెనక పెట్టు. భయపడకు, దానికి నువ్వంటే నమ్మకమే. ఇంకొంచెం కిందికి. ఇప్పుడు లాగి, ఒక్కసారే. ఆలోచించకు.”

కాలిన చేతుల్తో లాగాను. ఒక్కసారికే పోయింది. అది కొంచెం కూడా కొట్టుకోలేదు. ఆయన గోడవైపు తిరగబోయాడు, పక్కటెముకలు తిరగనివ్వలేదు. నా ముందే ఏడవాల్సి వచ్చింది.

పోయిన వారం పేపర్లో అడుగున చిన్నక్షరాల్లో రెండు లైన్లు వచ్చాయి. హాంబుర్గ్‌లో ఎవరూ చావలేదట, ఫలానా నాటి వార్త ఒట్టి బాతు అట. ఆ మాటే వేశారు, నీకు పనికొస్తుంది. ఇప్పుడు అందరూ మా గుమ్మంలో వెన్నముద్దలూ పొగపెట్టిన మాంసమూ పెట్టిపోతున్నారు. తలుపు కొట్టరు. చర్చిలో పాడేవాడు పీటు బండెడు తెచ్చి దింపి పోయాడు. బ్రార్ ఒక్కడే లోపలికొచ్చాడు, కంటికి కట్టుతో. మీ బావ మంచం పక్కన కూర్చున్నాడు. నేను టీ పెట్టాను, సారా కలిపి ఇచ్చాను. ఏం చెయ్యను, ఇంటికొచ్చినవాడు. మీ బావకి నేను తాగిస్తుంటే బ్రార్ తన కప్పు కింద పెట్టేశాడు.

“వార్త అబద్ధమని తేలింది, నామెన్. నేను చేసింది చేశాను, దానికి దేవుడికి చెప్పుకుంటాను. కానీ కుంటి బాతు అబద్ధం కాదుగా. లోపలి మాట బయటికి పోయింది. అది ఎవరివల్ల పోయిందో తేలకుండా ఈ ఇంట్లో కోయె ఉంచడానికి వాటాదార్లు ఒప్పుకోరు. వచ్చే ఆదివారం సత్రంలో కూర్చుంటున్నాం.”

“చేతుల్లేనివాడికి కోయె ఎందుకులే. ఇచ్చెయ్యండి ఎవరికైనా” అన్నాడు మీ బావ.

“పేరు చెప్పు చాలు. ఇల్లూ, కోయె కూడా నీకే ఉంటాయి. మనిషిని పెట్టుకుని నడుపుకో.”

“టీ చల్లారిపోతోంది, తాగు” అన్నాడు మీ బావ. ఆ పేరు ఆయన నోట రాలేదు. రాదు కూడా. కోయె పోతే ఈ ఇల్లు పోతుంది. అయినా రాదు.

నేనూ చెప్పను రోర్డ్. ఒకసారి తెలియదన్నదాన్ని, దానికి ఆయన చెయ్యి ఖరీదు ఇచ్చినదాన్ని, ఇప్పుడు చెప్పి ఆ చేతిని ఊరికే పోయినట్టు చెయ్యను. నువ్వు చెప్పాలి. శనివారం పడవలో రా. ప్రొఫెసర్‌గారికి ఇంట్లో జబ్బు అని చెప్పు, అది అబద్ధం కాదు. ఆదివారం సత్రంలో అందరి ముందూ నిలబడి నీ నోటితో చెప్పు. కొడతారు. నేను అడ్డం రాను, నిన్ను కని పెంచినంత పని చేసిన అక్కనే అయినా రాను. అయ్యాక ఇంటికి తీసుకొచ్చి నేనే కడుగుతాను. వేణ్ణీళ్ళు పెట్టి ఉంచుతాను.

ఆ తర్వాత ఇక్కడే ఉండు. నవంబరు ఆఖరుదాకా అడవి బాతులు దిగుతూనే ఉంటాయి. అన్నీ చచ్చిపోయాయి గానీ, చెట్లలో దాక్కుని నాలుగైదు దీమపు పిల్లలు మిగిలాయి, వాటికి దారి నేర్పాలి. పీటుగడ్డ ఎవరో ఒకరు నోటి ముందు పట్టుకోవాలి. ఆయన చెప్తాడు, నువ్వు చెయ్యి. వాంతి వస్తే చేసుకో, చేసుకుని మళ్ళీ చెయ్యి పెట్టు. మాటల పుస్తకం చలికాలంలో రాసుకోవచ్చు. మంచం కింద సీసా కడగడం కూడా నీకే అప్పజెప్తాను.

సత్రంలో ఎంతమంది ఉంటారో తెలియదు. తాగి ఉంటారు. వాళ్ళు మీద చెయ్యి వేస్తే తోసెయ్యకు, పారిపోకు, ఎదురు తిరగకు. పట్టుకున్నప్పుడు కొట్టుకోకపోతే మనవాడివేనని వాళ్ళ చేతులకి తెలుస్తుంది. 

ఇట్లు,
శనివారం పడవ రేవులో నిలబడి ఉండే
నీ అక్క,
మారెట్